మూడంగుళాల సంబరం

"నడుము మూడంగుళాలు తగ్గిందే!" అని కేకలేస్తూ, దర్జీ అక్క తన కొట్టు పక్కనే ఉన్న శాండ్‌విచ్ షాపులో పనిచేసే చెల్లెలి దగ్గరికి ఒక్క పరుగున వచ్చింది. "నెలరోజులు రెండు పూటలా నీ డైట్ శాండ్‌విచ్చే లాగించాను మరి!"

"దాన్లో ఆకులు పేరుకే. నువ్వు అడిగి వేయించుకునే చీజూ, మయొనీజూ గంపెడు. ఎలా తగ్గుతావక్కా?"

అక్క మెడలోని టేపు చివర బరువైన కత్తెర వేలాడుతోంది. ఎక్కడో పెట్టి మరిచిపోతున్నానని నెల కిందట తనే దాన్నలా కట్టుకుంది. చెల్లెలు అనుమానంగా ఆ టేపు లాక్కుని, అచ్చులో కాల్చిన పన్నెండంగుళాల రొట్టె మీద పరిచింది. పదకొండే చూపించింది.

"నీ టేపు సాగిపోయిందక్కా!"

అక్క ముఖం ఇంకా వెలిగిపోయింది. "టేపు కాదే పిచ్చిదానా! డైట్ రొట్టె కదా, అదీ అంగుళం తగ్గింది!"