ఎర్ర పేర్లు

2009 జూన్‌లో ఖమ్మంలోని ఒక కంప్యూటర్ సెంటర్‌కు గిరిజన సంక్షేమ ఆఫీసు నుంచి పోడు పట్టాల జాబితాలు, అంటే అడవి భూమి సాగుదారుల హక్కు పత్రాల జాబితాలు వచ్చాయి. పదకొండు వర్డ్ ఫైళ్లు. వాటిని వెబ్ పేజీలుగా మార్చి సైట్‌లో పెట్టే పని అక్కడ ఉద్యోగం చేసే ఫ్లోరెన్స్‌ది.

వర్డ్ నుంచి నేరుగా వెబ్ పేజీగా సేవ్ చేస్తే ఒక్కో పేరు చుట్టూ ఆరేడు వరసల ట్యాగులు చేరతాయి. జూలూరుపాడు లాంటి చోట్ల ఫోన్ లైను ఇంటర్నెట్ మీద అంత బరువైన పేజీ తెరుచుకోదు. అందుకని ఆమె ఫాంటు, సైజు, రంగు చెప్పే ట్యాగులన్నీ తీసేసి పట్టికను మాత్రం ఉంచేది. సెంటర్ యజమాని షాలేమ్‌రాజు ఆ పేజీలు చూపించి కొత్త పనులు తెచ్చుకునేవాడు.

జాబితా టైపు చేసిన గుమాస్తా, దరఖాస్తు తిరస్కరించిన వాళ్ల పేర్లకు ఎర్ర రంగు వేశాడు. దానికి వేరే గడి పెట్టలేదు. ఆఫీసులో అందరికీ ఆ రంగు తెలుసు. ఫ్లోరెన్స్‌కు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. జూన్ 22న పేజీలు రంగు లేకుండా సైట్‌లోకి ఎక్కాయి; అన్ని పేర్లూ పట్టా వచ్చినట్టే కనిపించాయి. తిరస్కరణ మీద అప్పీలుకు గడువు ఆ రోజు నుంచి అరవై రోజులు.

ఆగస్టు 24న జూలూరుపాడు దగ్గరి తండా నుంచి బిచ్యా వచ్చాడు. చేతిలో ఆ పేజీ ప్రింటు. అడుగున సెంటర్ పేరుంది. ముప్పై రెండో పేరు అతని భార్య సోమ్లిది.

"గిది జేసింది నువ్వేనా, అమ్మా?"

"అవ్, నేనే. ఏందన్నా?"

"మా మూడెకరాల జొన్నల ఫారెస్టోళ్లు కందకం తవ్వుతున్నరు. కాగితం సూపిస్తే గార్డు నవ్విండు. కంప్యూటర్ల ఉన్నది గదా, పోయి కంప్యూటర్లనే దున్నుకో అన్నడు."

ఫ్లోరెన్స్ అసలు ఫైలు తెరిచింది. సోమ్లి పేరు ఎర్రగా ఉంది. గడువు దాటి మూడు రోజులైంది. సంగతి అతనికి చెప్పింది.

"ముందే తెలిస్తే అప్పీలు పెడుదుము," అన్నాడు బిచ్యా. "పేరొచ్చిందని తండంత జెప్పుకున్నం. నువ్వు చేసిన పని రాసియ్యి."

షాలేమ్‌రాజు లేచి వచ్చాడు. "ఏం రాయకు. వాళ్ల ఫైలు, వాళ్ల లిస్టు. మనకేంది?"

"రంగు తీసింది నేనే గదన్నా."

"రాసిస్తే రేపటి నుంచి రాకు."

ఆమె తెల్లకాగితం తీసుకుని రాసింది. "అసలు ఫైలులో సోమ్లి పేరు ఎర్ర రంగులో ఉంది. ఆ రంగు నేను తొలగించాను." కింద సంతకం, తేదీ. బిచ్యా రెండుసార్లు చదివించుకున్నాడు.

"దీన్ని జూసి గడువిస్తరా?"

"తెల్వదన్నా."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్‌స్టాండ్‌కు బయలుదేరాడు.

ఫ్లోరెన్స్ మళ్లీ కూర్చుని ఆ ఒక్క ఫైల్లో ఎర్ర పేర్లు లెక్కపెట్టింది. నలభై ఒకటి. బిచ్యా తప్ప ఎవరూ రాలేదు. ఆమె ఒక్కో పేరూ, ఊరూ కాగితం మీద ఎక్కించడం మొదలుపెట్టింది. తొమ్మిదో పేరు దగ్గర షాలేమ్‌రాజు వచ్చి కంప్యూటర్ స్విచ్ ఆపేశాడు.