నడుమ ఏడేళ్లు

నేను ఒక పాత బయోడేటాను. చీరాలలో ఓ డీటీపీ సెంటర్లో పుట్టాను. ఆపరేటరు ఎవరిదో ఫైలు తెరిచి, పేరు మార్చి, నన్ను ప్రింటు తీశాడు. అందుకే చదరంగం బల్ల ముఖమైనా చూడని మా కరుణకుమారికి 'చదరంగం ఆడటం' హాబీ అయి కూర్చుంది. బట్టల షాపువాళ్లు ఎత్తులేమీ వేయమనలేదు గనక చీరల సెక్షన్లో ఉద్యోగం దొరికింది. కవలపిల్లలు పుట్టాక ఆమె పని మానేసింది. నేను బీరువాలో సర్టిఫికెట్ల కిందికి చేరాను.

ఏడేళ్లకు మళ్లీ వెలుగు చూశాను. ఊళ్లో కొత్తగా తెరవబోయే చీరల షోరూముకు సూపర్‌వైజరు కావాలట. కరుణ నన్ను మంచం మీద పరిచి పెన్ను మూత తీసింది. ఎలక్ట్రీషియన్ అయిన ఆమె భర్త దేవసహాయం పక్కనే టీ తాగుతున్నాడు.

"చదరంగం కొట్టేశా. నడుమ ఏడేళ్లకి ఏం రాయమంటారు?"

"ఏముందీ, ఇంట్లో ఖాళీగా ఉన్నానని రాసెయ్."

పెన్ను ఆగిపోయింది. దేవసహాయం గ్లాసు కింద పెట్టాడు.

ఆ ఏడేళ్లూ వరండాలో ఏం జరిగిందో బీరువాలో ఉన్న నాక్కూడా తెలుసు. కరుణ మగ్గాలవాళ్ల దగ్గర చీరలు తెచ్చి, వీధి ఆడవాళ్లకు అమ్మేది. దేవసహాయం నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు ఇల్లు గడిచింది ఆ చీరలతోనే. అతను మాత్రం దాన్ని కాలక్షేపం అనేవాడు.

"ఇటివ్వు," అన్నాడు మెల్లగా. పెన్ను తీసుకుని నా అంచున వంకర టింకర అక్షరాలతో తనే రాశాడు: 'చీరల వ్యాపారం, సొంతం.'

"చెయ్యి విరిగినప్పుడు నువ్వు లేకపోతే మన పని అయిపోయేదే! ఖాళీగా అని ఎట్టా అన్నానో."

"ఎట్టానా? నోటితోనే అన్నారు," అంది కరుణ. అంతలోనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఇంటర్వ్యూకి కొత్త బయోడేటాతో పాటు నేనూ ఫైల్లో వెళ్లాను.

"సొంత వ్యాపారమా? షాపు ఎక్కడమ్మా?" అని మేనేజరు అడిగాడు.

"మా వరండాలోనండీ."

"కొన్న చీర నచ్చలేదని మర్నాడు వెనక్కి తెస్తే?"

"మార్చి ఇచ్చేదాన్నండీ. కూర్చోబెట్టి కాఫీ ఇస్తే ఇంకోటి కూడా పట్టుకెళ్లేవాళ్లు."

మేనేజరు గట్టిగా నవ్వాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆ సోమవారం నుంచి నా కాపురం వంటింట్లో. సాయంత్రం పిల్లలు ఆకలంటే దేవసహాయం షోరూముకు ఫోన్ చేసి, పప్పుచారు ఎలా కాయాలో అడిగి, చేతికందిన నా వెనకవైపు రాసుకున్నాడు. ఉప్పు 'తగినంత' అని చెప్పి, ఎవరో కొనడానికి వచ్చారంటూ ఆమె ఫోన్ పెట్టేసింది. తగినంత అంటే ఎంతో తెలియక అతను నావైపే చూస్తూ నిలబడ్డాడు. నాకేం తెలుసు!

పిల్లలు ఒక్క ముద్ద తిని మంచినీళ్లు అడిగారు. దేవసహాయం 'తగినంత' కొట్టేసి, పక్కన 'రెండు చెంచాలు మాత్రం కాదు' అని రాశాడు. నన్ను పొయ్యి పక్కన మేకుకు గుచ్చాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ పొయ్యి వెలిగించాడు.