పాత ఫ్యాన్ మింగిన గాలి

2008 జులై 7, సోమవారం పొద్దున్న పది గంటలకి, ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తా పెర్సిస్‌కి అన్యాయం జరిగింది. ఎప్పట్లాగే హాజరుపట్టీ తీసి, టేబులు తుడిచి, అప్పుడే తిరిగొచ్చిన కాలేజీ ల్యాప్‌టాప్ ఆన్ చేసింది. అది గురకపెట్టి, సెగలు కక్కి, ఆరిపోయింది.

"లోపలి ఫ్యాన్ పాడుచేశావు," అన్నాడు కరస్పాండెంటు వెంకట్రాజు. "శనివారంలోగా బాగుచేయించు. లేదంటే ఇక రానక్కర్లేదు."

తొమ్మిదేళ్లు ఆ ఆఫీసుని మోసిన మనిషితో మాట్లాడే తీరది. అంతకుముందు నెల్లాళ్లూ ల్యాప్‌టాప్ ఆయన దగ్గరే, కొల్లేటిలో ఆయన చేపల చెరువుల మీద ఉంది. ఆ మాట అడిగే నోరు ఆ గదిలో ఒక్కటీ లేదు. పెర్సిస్‌దీ లేదు.

ఆ వారం ఆమె కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద అన్నం వదిలేసి గుమ్మంలోకి, గుమ్మంలోంచి వీధి చివరికి. రోజుకి రెండుసార్లు పవర్‌పేటలో ఎలీయాజరు రిపేరు కొట్టుకి.

"ఫ్యాన్ వచ్చిందాండీ?"

"విజయవాడ నుంచి బస్సులో రావాలమ్మా. మీరిలా తిరిగితే బస్సు తొందరగా రాదు కదండీ."

"కూర్చున్నా రాదు కదండీ!"

శనివారం మధ్యాహ్నం కొత్త ఫ్యాన్ వచ్చింది. పాతది విప్పే ముందు ఎలీయాజరు అలవాటుగా చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఫ్యాన్లు గాలితోపాటు పక్కనున్నవాళ్ల మాటలూ లాక్కుంటాయి, రెక్క కదిలిస్తే బయటికి వదులుతాయి. పరాయివాళ్ల మాటలు వినడం మర్యాద కాదు.

రెక్కల మధ్య తవుడు గడ్డకట్టి ఉంది. చేపలకి వేసే తవుడు. బ్రష్షు తగలగానే కొల్లేటి నీచువాసన కొట్టంతా పరుచుకుంది.

పెర్సిస్ చెవుల్లో దూది లేదు.

"మావయ్యగారూ, ల్యాప్‌టాప్ తవుడు బస్తా మీద పెట్టారేంటండీ? కాలిపోతోంది!" అది వెంకట్రాజు అల్లుడు అబ్బాయిరాజు గొంతు.

"పోతే పోనీండి అల్లుడుగారూ. పెర్సిస్ మీద తోసేద్దాం. అది నోరెత్తదు."

"ఆపండి!" అని అరిచింది పెర్సిస్. ఎలీయాజరుకి వినపడలేదు. ఆయన చెవిలో దూది ఆమే లాగేసింది. "ఈ మాట మళ్లీ వస్తుందాండీ?"

"తవుడున్నంతకాలం వస్తుందమ్మా."

"అయితే దులపకండి. ఇలాగే ఇవ్వండి."

నాలుగింటికి స్టాఫు మీటింగు. కొత్త ఫ్యాన్‌తో ల్యాప్‌టాప్ చప్పుడు లేకుండా నడుస్తోంది.

"ఇకనైనా జాగ్రత్తగా ఉండు," అన్నాడు వెంకట్రాజు.

పెర్సిస్ పాత ఫ్యాన్ టేబులు మీద పెట్టి, రెక్కని వేలితో తిప్పింది. మాటలన్నీ వచ్చాయి, "అది నోరెత్తదు" దాకా. లెక్చరర్లు నీచువాసనకి ముక్కులు మూసుకున్నారు. చెవులు మాత్రం ఎవరూ మూసుకోలేదు.

"ఎత్తుతున్నానండీ," అంది పెర్సిస్. "తప్పు మీదేనని రాయండి. హాజరుపట్టీలో, నా పేరు పక్కన, మీ చేత్తో."

"ముందా ఫ్యాన్ ఇలా ఇచ్చెయ్..." ఆయన లెక్చరర్ల వైపు చూశాడు. "ఇచ్చెయ్యండి."

"రాయండి."

రాశాడు. ఫ్యాన్ మాత్రం ఆమె ఇవ్వలేదు. టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించింది. సోమవారం పొద్దున్న పది గంటలకి హాజరుపట్టీ ఆమే తీసింది. ఆయన రాసిన వాక్యం అందులో ఉంది, సంతకంతో, కింద తేదీతో: 12-07-2008.