చింతపండు జాడీ మీది రేకు

పచ్చిపులుసుకు చింతపండు తీద్దామని వినోద జాడీ మీది రాయి పక్కన పెట్టి, రేకు ఎత్తింది. పదమూడేళ్లుగా రోజూ ఎత్తుతున్నదే, రోజూ పెడుతున్నదే. తిప్పి చూసింది మాత్రం ఈ రోజే. అదీ పొద్దున హైదరాబాద్ నుంచి స్నేహితురాలు సంధ్యారాణి ఫోన్ చేసింది కాబట్టి.

"మన బ్యాచ్ ఆడపిల్లలు మొదట్ల గీసుకున్న సొంత బొమ్మలతోని ప్రదర్శన పెడుతున్నమే. నీ జింకు ప్లేటు ఉన్నదా? ఆదివారం పట్టుకొనిరా. ప్రెస్ ఖాళీగుంటది, నీ చేతులతోనే అచ్చు తీసుకుందువు."

ఉంది, ఎందుకు లేదు? ఇరవై రెండేళ్లప్పుడు కాలేజీలో అద్దం ముందు కూర్చుని, ఆ రేకుకు పూసిన మైనం మీద సూదితో తన ముఖం గీసుకుంది. యాసిడ్‌లో ముంచితే గీత పడ్డ చోటల్లా అది లోహాన్ని తింటుంది, తిన్న చోట ఇంకు నిలుస్తుంది, ఆ ఇంకే కాగితం మీద ముఖమై లేస్తుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత నల్లన. "భయపడకమ్మా, ఇంకాసేపు ఉండనీ" అనేవారు మాస్టారు. ఎక్కడ పాడవుతుందోనని వినోద ప్రతిసారీ తొందరపడి తీసేసేది. అచ్చులో ముఖం పాలిపోయి వచ్చేది.

పెళ్లయి కాశిబుగ్గ వచ్చిన కొత్తలో, పెట్టె సర్దుతుంటే అత్త అనసూర్య ఆ రేకును చేత్తో ఎత్తి చూసింది. "మందంగున్నది. జాడీ మీదికి సరిపోతది." వినోద నవ్వుతూ ఇచ్చేసింది. మంచి కోడలు అనిపించుకోవాలన్న ఆరాటం, ఇంకేముంది! యాసిడ్ గురించి పరీక్షలు రాసిన మనిషికి ఉప్పేసిన చింతపండు ఏం చేస్తుందో తోచనే లేదు. "ముఖం చూసుకునేతందుకు అద్దం లేదా? రేకు మీద గీకుడేంది?" అన్నాడు భర్త పండరి. ఇప్పుడామె ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. "ఖాళీగనే ఉంటరు కద మేడం" అంటూ హెడ్‌మాస్టరు ప్రతి ఫంక్షన్‌కూ ముగ్గులు వేయిస్తాడు, చార్టులు రాయిస్తాడు. ఇంటికొస్తే మళ్లీ పొయ్యి, అంట్లు, బట్టలు. ఒళ్లలసట నిద్రపోతే తీరుతుంది. ఇది తీరే అలసట కాదు.

రేకును కుళాయి కింద కడిగింది. చెంపలు, నుదురు, మెడ, చింతపండు తిన్న చోటల్లా గుంటలు. కళ్లు మాత్రం మిగిలాయి. వినోదకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బొటనవేలితో తడిమి చూసింది. ఇంత లోతుకు పోనిచ్చే ధైర్యం తను ఏనాడూ చేయలేదు.

పాత చీర గుడ్డలో రేకును చుడుతుంటే అత్త చూసింది.

"మరి జాడీ మీద ఏం పెట్టాలె?"

"పళ్లెం పెట్టుండ్రి అత్తమ్మా. ఆదివారం నేను హైదరాబాద్ పోతున్న."

పండరి ఫోన్‌లోంచి తల ఎత్తాడు. "ఆదివారం మా సునీతక్కోళ్లు వస్తాండ్రు. పన్నెండు మందికి వంటెవరు చేస్తరు?"

"నాకు తెల్వది."

వంట గురించి ఆ ఇంట్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

ఆదివారం మధ్యాహ్నం ప్రెస్ చక్రం తిప్పేసరికి వినోద చేతులు నొప్పెట్టాయి. అలవాటు తప్పింది. తడి కాగితాన్ని మూలలు పట్టుకుని మెల్లగా లేపింది. నల్లటి ముఖం. గుంటలన్నీ ఇంకు తాగి ఉన్నాయి. మధ్యలో ఆ ఇరవై రెండేళ్ల కళ్లు.

సంధ్యారాణి కాగితం మీదికి వంగి చూసింది.

"గింత లోతుగ ఎట్ల తిన్నదే? ఎందుల పెట్టినవ్?"

"ఇంట్ల పెట్టిన" అంది వినోద.