గోడ మీది జేజి

భ్రమరాంబకు అనుమానం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పాలప్యాకెట్ కాస్త మెత్తగా తగిలితే ఎవరో సూది గుచ్చి పాలు లాగేశారనుకుంటుంది. లిఫ్టు మధ్యలో ఆగితే పక్క టవరు వాళ్ళ పనేనంటుంది. పాలకొల్లు నుంచి వచ్చి తెల్లాపూర్‌లో కొడుకు శివ ఇంట్లో స్థిరపడ్డాక ఈ గుణం ఇంకాస్త ముదిరింది. ఊళ్ళో అయితే ఎవరేమిటో వాళ్ళ తాతల కాలం నుంచీ తెలుసు. ఇక్కడ పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుంటే ఎవరు బయటికొస్తారో కూడా తెలియదు. తెలియని వాళ్ళను అనుమానించక ఏం చేస్తాం అని ఆవిడ వాదన. అందులో కొంత న్యాయం లేకపోలేదు.

ఆ వేసవిలో ఆవిడ అనుమానాలన్నీ మిగతా పనులు మానుకుని ఒకే మనిషి మీద వాలాయి. ఆ మనిషి పేరు రూబీ.

రూబీ గోడల మీద బొమ్మలు వేస్తుంది. హఫీజ్‌పేట్ నుంచి స్కూటీ మీద రంగుల డబ్బాలు కట్టుకుని వస్తుంది. అంగన్‌వాడీల్లో, పార్కుల్లో, పిల్లల దవాఖానల్లో ఆమె బొమ్మలున్నాయట. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు పిల్లల పార్కు పక్కనున్న పొడుగాటి గోడను ఆమెకు అప్పగించారు. వచ్చిన పిల్ల బుద్ధిగా బొమ్మ వేసి పోతే గొడవే లేదు. ఆమె పద్ధతి వేరు. బ్రష్షు ముట్టుకోకముందే పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పిస్తుంది. వాళ్ళు ఏది చెబితే అది గోడ ఎక్కుతుంది. ఒకడి కుక్క, ఒకత్తె సైకిలు, మరొకడికి కలలో వచ్చిన ఎగిరే మెట్రో. ముగ్గులోకి దించినట్టు పిల్లల్ని తన చుట్టూ తిప్పుకుంటోందని భ్రమరాంబ బాల్కనీలో నుంచి రోజూ చూస్తూనే ఉంది.

మిగతా పిల్లల సంగతి ఆవిడకు అనవసరం. మనవరాలు కావ్య కూడా ఆ చాప మీదే ఉండటం ఆవిడ బాధ.

శివ, కోడలు భార్గవి ఇద్దరూ పొద్దున్నే గచ్చిబౌలి ఆఫీసులకు వెళ్ళిపోతారు. కావ్యకు తిండీ, స్నానం, కథలూ అన్నీ నానమ్మే. ఆ మధ్య పెనం తగిలి కాలినప్పటి నుంచి భ్రమరాంబ కుడిచెయ్యి పూర్తిగా ముడుచుకోదు. జడ వదులుగా వస్తుంది. అయినా ఇంకెవరు వేసినా కావ్య ఒప్పుకునేది కాదు. మధ్యాహ్నం పడుకునేముందు నానమ్మ అరచెయ్యి లాక్కుని, దాని మీద వేలితో సున్నాలు చుడుతూ నిద్రపోయేది. ఇప్పుడు అన్నం సగంలో వదిలేసి కిందికి పరిగెడుతోంది. నిద్ర లేదు, సున్నాల్లేవు. నోరు తెరిస్తే రూబీ అక్క. భర్త పోయాక భ్రమరాంబకు తనదంటూ మిగిలింది ఆ పిల్లే. ఆ ఒక్కదాన్నీ ఎవరో మెల్లగా చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నారన్న భయం ఆవిడకు అన్నం సయించనివ్వడం లేదు.

ఒకరోజు కావ్య రంగు అంటిన గౌనుతో వచ్చి, "నానమ్మా, గోడ మీద జేజి వస్తోంది తెలుసా," అంది.

"ఏ జేజి అమ్మా?"

"చెప్పకూడదు. రూబీ అక్క చెప్పొద్దంది." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నానమ్మ వైపే చూస్తూ కిసుక్కున నవ్వింది.

భ్రమరాంబ చేతిలో గరిటె ఆగిపోయింది. జేజి అంటే ఆవిడకు ఒకటే అర్థం. జేజికి దణ్ణం పెట్టు, జేజికి పువ్వు పెట్టు. తనకు వాళ్ళమ్మా, శివకు తనూ నేర్పిన తొలి మాటల్లో అదొకటి. జేజి అంటే దేవుడు. రూబీ మెడలో సన్నటి గొలుసు, గొలుసుకు చిన్న శిలువ. ఇక ఆ జేజి ఎవరో వేరే చెప్పాలా?

క్రైస్తవులంటే ఆవిడకు పడదని కాదు. పాలకొల్లులో పక్కింటి మార్తమ్మ టీచరుతో ఏళ్ళ తరబడి స్నేహం. కేకు పళ్ళెం ఇటూ, పులిహోర గిన్నె అటూ పిట్టగోడ మీంచి దాటుతూనే ఉండేవి. కానీ మార్తమ్మ ఎప్పుడూ పిల్లల చెవిలో గుసగుసలు చెప్పలేదు. ఇంట్లో చెప్పొద్దనీ అనలేదు.

మర్నాడు అన్నం కలుపుతూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "మీ జేజి ఎలా ఉంటుందే?"

కావ్య ఉత్సాహం ఆపుకోలేకపోయింది. "తెల్ల బట్టలు. జుట్టు ఇలా భుజాల మీదికి. బొట్టు ఉండదు. చెయ్యి ఇలా చాపి పిల్లల్ని పిలుస్తుంది. చేతిలో దెబ్బ తగిలిన మచ్చ ఉంటుంది, రూబీ అక్కకి నేనే చెప్పాను." గుక్క తిప్పుకుని, "భయమేస్తే ఎవరి దగ్గరికెళ్తావు అని అక్క అడిగింది. జేజి దగ్గరికి అన్నాను," అంది.

భ్రమరాంబకు ముద్ద చేతిలోనే ఉండిపోయింది. భయమేస్తే ఈ పిల్ల తన దగ్గరికి రావడం మానేసిందన్నమాట. అరచేతిలో మచ్చ ఎందుకొచ్చిందో, ఎవరికొచ్చిందో మార్తమ్మ ఇంట్లో పటం చూసిన తనకు తెలియదా?

కోడలితో చెబుదామా అనుకుంది. కానీ భార్గవిది నంద్యాల, రూబీది ఆళ్ళగడ్డ. గేటు దగ్గర కలిస్తే ఇద్దరూ "ఏమ్మే, బాగుండావా" అంటూ వాళ్ళ యాసలో మొదలుపెడతారు. ఇంట్లో అత్తగారితో పొడి పొడిగా మాట్లాడే కోడలు అక్కడ గలగలా నవ్వుతుంది. ఇద్దరూ ఒకటే అయితే? ఆ అనుమానం కూడా పాత అనుమానం పక్కన చోటు చూసుకుని కూర్చుంది.

దానికి తోడు రూబీ చూపు ఒకటి. పార్కులోకి అడుగుపెడితే చాలు, ఆ పిల్ల బ్రష్షు ఆపి తననే చూస్తుంది. మొహం, చెవులు, నుదురు, ఏదో కొలుస్తున్నట్టు చూస్తుంది. ఒకరోజు దగ్గరికొచ్చి, "అమ్మా, కొంచెంసేపు ఇట్ల కూచుంటారా?" అని స్టూలు చూపించింది.

"ఎందుకండి?"

"ఊరికేనమ్మా. మీతో మాట్లాడదామని."

"పొయ్యి మీద పప్పుందండి," అనేసి భ్రమరాంబ గిర్రున వెనక్కి తిరిగింది. పిల్ల అయిపోయింది, ఇప్పుడు నా వంతు కాబోలు అనుకుంది లిఫ్టులో.

గోడ మధ్యలో కొంతభాగం మీద నీలం పట్టా కట్టి ఉంచింది రూబీ. ఆ సాయంత్రం ఆమె త్వరగా వెళ్ళిపోయింది. వాన పడేలా ఉండటంతో పార్కులో ఎవరూ లేరు. భ్రమరాంబ అటూ ఇటూ చూసి పట్టా అంచు పైకెత్తింది. ముందు పిల్లల కాళ్ళు కనిపించాయి. తర్వాత కుచ్చులు కుచ్చులుగా తెల్లటి గుడ్డ. ఆ తర్వాత తన తలకన్నా పెద్దదైన చెయ్యి, బార్లా తెరిచిన అరచెయ్యి, మధ్యలో ఎర్రటి గుండ్రని మచ్చ. ఇంకా పైకెత్తి చూస్తే మొహం ఉండాల్సిన చోట ఉత్త గీత మాత్రమే ఉంది. ఆ ఖాళీ మొహం వైపు ఆవిడ ఎక్కువసేపు చూడలేదు. చూడాల్సింది చూసేశానని తిన్నగా సంఘం ఆఫీసుకు నడిచింది.

సంఘం అధ్యక్షుడు రాజేందర్ మంచివాడే. గొడవ అనే మాట వింటే మాత్రం ఆయనకు బీపీ పెరుగుతుంది.

"వాళ్ళ దేవుణ్ణి వేస్తోందండి, పిల్లల గోడ మీద. గుడ్డ కప్పి మరీ వేస్తోంది," అంది భ్రమరాంబ.

"జర ఆగుండ్రి అమ్మా. నేనే అడుగుత," అని రాజేందర్ ఫోను స్పీకరులో పెట్టాడు. "రూబీ గారూ, ఆ పట్టా ఎనక ఏం బొమ్మ ఏస్తున్నరు?"

"జేజి సార్," అంది రూబీ గొంతు, నవ్వుతూ. "పిల్లలతో కూడా ఎవరికీ చెప్పొద్దన్నాను. ముందే తెలిస్తే ఏముంటాది? మొహం ఒకటే మిగిలింది సార్."

"సరే గానీ, మొహం ఇప్పుడే ఎయ్యకుండ్రి. మేం చెప్తం," అని ఆయన ఫోను పెట్టేసి భ్రమరాంబ వైపు చూశాడు. "జేజి అంటే ఏందమ్మా?"

"దేవుడండి. చిన్నపిల్లల భాషలో. విన్నారుగా, తనే ఒప్పుకుంది."

రాజేందర్ నుదురు రుద్దుకున్నాడు. రేపు ఒకరు ఫోటో తీసి గ్రూపులో పెడతారు, ఇంకొకరు దానికి జవాబిస్తారు. "ఈ లొల్లి మనకొద్దు. పొద్దుగాల పోరగాళ్ళు ఈతకు పోయినప్పుడు తెల్ల రంగు కొట్టిస్త. ఆమెకు కారణం గిట్ల చెప్పనవసరం లేదు. మనమే నమ్మి అప్పజెప్పినం, ఇప్పుడు ఏమని చెప్పాలె?"

మర్నాడు పిల్లలు ఈత నుంచి వచ్చేసరికి కుక్క ఉంది, సైకిలుంది, ఎగిరే మెట్రో ఉంది. మధ్యలో తెల్లగా ఖాళీ ఉంది. రూబీ వచ్చి ఆ ఖాళీ ముందు కాసేపు నిలబడింది. డబ్బాలు స్కూటీకి కట్టుకుంటూ, గేటు దగ్గరున్న భ్రమరాంబను చూసి, "మీరు ఆ పొద్దు కాసేపు కూచొని ఉంటే అయిపోయేదమ్మా," అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేసిందంతా చేసి నన్నే అంటోంది చూడు అనుకుంది భ్రమరాంబ. అయినా మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఆఫీసు నుంచి భార్గవి వచ్చేసరికి కావ్య సోఫాలో బోర్లా పడి వెక్కుతోంది. మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టలేదు.

"జేజిని తుడిచేశారమ్మా."

భార్గవి బ్యాగు కింద పడేసి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. అత్తగారి వైపు చూసి, "ఎంత పనయిందత్తయ్యా. రూబీ మీ పుట్టినరోజుకి చూపించాలనుకుంది. మీకు తెలియకుండా ఉంచడానికి మేమంతా ఎన్ని తిప్పలు పడ్డామో," అంది.

"నా పుట్టినరోజుకి దేవుడి బొమ్మేమిటే?"

"దేవుడెవరు? జేజి. మీరే." భార్గవికి అత్తగారి మొహం చూశాక గానీ అర్థం కాలేదు. "మావైపు నాయనమ్మను జేజి అంటామత్తయ్యా. రూబీ వాళ్ళూ అట్లే అంటారు. ఆ చాప మీద కూర్చునే మిగతా పిల్లలందరి జేజిలూ ఫోనుల్లోనే ఉండారంట. పక్కన పడుకోబెట్టుకునే జేజి మన కావ్యకే ఉందని, గోడ మధ్యలో మిమ్మల్నే వేస్తానంది."

భ్రమరాంబ తన ఒంటి మీది తెల్ల వాయిలు చీర వైపు చూసుకుంది. తలంటుకున్న జుట్టు ఇంకా భుజాల మీదే ఆరుతోంది. భర్త పోయాక బొట్టు పెట్టుకోవడం మానేసింది. కొడుకు ఎంత బతిమాలినా మళ్ళీ పెట్టుకోలేదు. కుడిచెయ్యి తిప్పింది. పొయ్యి దగ్గరికి పరిగెత్తిన పిల్ల మీద పడబోతున్న పెనాన్ని ఉత్త చేత్తో పట్టుకున్నప్పటి మచ్చ, గుండ్రంగా, అరచేతి మధ్యలోనే ఉంది. రోజూ ఆ చేత్తోనే అన్నం కలుపుతోంది. రోజూ పిల్ల దాని చుట్టూనే సున్నాలు చుట్టేది.

కావ్య తల్లి ఒడిలోంచి దిగి వచ్చి ఆ చెయ్యి లాక్కుంది. ముక్కు ఎగబీలుస్తూ మచ్చ చుట్టూ వేలు తిప్పింది.

"నానమ్మా, నిన్నెవరు తుడిచేశారు?"

అబద్ధం చెప్పడం తేలికే. రాజేందర్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెయ్యి పిల్ల చేతిలో ఉంది.

"నేనే తుడిపించాను తల్లీ."

కావ్య వేలు ఆగింది. "నిన్ను నువ్వే తుడిపించుకున్నావా? ఎందుకు?"

భ్రమరాంబకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. మనవరాలు తనను మరిచిపోయిందని కుమిలినన్ని రోజులూ ఆ పిల్ల తనను గోడంత పెద్దగా గీయిస్తోంది. ఎడమచేత్తో ఫోను అందుకుని రాజేందర్‌కు కలిపింది.

"చెప్పుండ్రి అమ్మా. మళ్ళేమైంది?" ఆయన గొంతులో అప్పుడే కంగారు మొదలైంది.

"ఆ గోడ మీద ఉన్నది దేవుడు కాదండి," అంది భ్రమరాంబ. పిల్ల ఇంకా తన చెయ్యి వదల్లేదు. "నేనండి. రూబీ గారి నంబరు ఇవ్వండి, నేనే మాట్లాడాలి. వచ్చి స్టూలు మీద కూర్చుంటానని చెప్పాలి."