మూకీ సినిమాకి మా మాటలు

మా ఆయనకీ నాకూ మాటల్లేక అప్పటికి మూడు రోజులు. లండన్ పక్కన హౌన్స్‌లోలో నాకు ఉద్యోగం వచ్చింది. వారానికి నాలుగు రోజులు అక్కడే ఉండాలి. సోమవారం పొద్దున్నకల్లా అవునో కాదో చెప్పమన్నారు. మా ఆయన, డాక్టర్ అనిరుధ్ గారు, మేముండే బర్మింగ్‌హామ్‌లో తన హాస్పిటల్ డ్యూటీల రోటా చూపించి కుదరదని తేల్చేశారు, నా మాట అడగకుండానే. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పట్నించీ ఉప్పు కావాలన్నా, కారు తాళాలు కావాలన్నా తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ప్రభావతమ్మ ద్వారానే.

ఆదివారం మధ్యాహ్నం టీవీలో హాలీవుడ్ తొలినాళ్ళ మూకీ సినిమా వేశారు. మొగుడి అనుమానం, పెళ్ళాం కన్నీళ్ళు, కోర్టు, విడాకులు. మా అత్తగారికి సినిమా అంటే ప్రాణం, ఇంగ్లీషు రాదు. తెర మీద అక్షరాలు పడ్డప్పుడల్లా తెలుగులో చెప్పడం నా పని. పక్క సోఫాలో ఈయన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు.

కాసేపు బుద్ధిగానే చెప్పాను. హీరో భార్యకి గుమ్మం చూపించేసరికి ఇక ఆగలేకపోయాను. తెర మీద 'నా పరువు తీశావు' అని ఉంది.

"నిన్ను అడక్కుండా నిర్ణయాలు తీసుకోవడం నాకు అలవాటు, అంటున్నాడత్తయ్యా" అన్నాను.

పేపరు కిందికి దిగింది. హీరో మళ్ళీ ఏదో అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఈయన అందుకున్నారు.

"ఒక్కణ్ణే ఉండాలంటే నాకు భయం. ఆ మాట చెప్పడానికి నామోషీ వేసి రోటా చూపించాను, అంటున్నాడమ్మా."

అంత పాత సినిమాలోకి రోటా ఎక్కణ్ణుంచి వచ్చిందని మా అత్తగారు అడగలేదు. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నోట భయం అన్న మాట నేను వినడం అదే మొదలు. నా కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం దాచుకున్నాను, ఎప్పుడైనా అవసరం పడుతుందని.

తర్వాత పడ్డ అక్షరాలు నేను చదవనేలేదు. "రోజూ ఫోన్ చేస్తాను, శుక్రవారానికల్లా ఇంట్లో ఉంటాను, అంటోంది" అన్నాను.

"సరే వెళ్ళు, అంటున్నాడు" అన్నారాయన, నా వైపే చూస్తూ.

తెర మీద మాత్రం జడ్జి విడాకులిచ్చేశాడు. హీరోయిన్ ఏడుస్తూ కోర్టు మెట్లు దిగుతోంది. ఆ ఒక్కటీ ఉన్నదున్నట్టు చెప్పాను, విడాకులైపోయాయని.

"ఇంత చక్కగా మాట్లాడుకుని కూడా విడిపోయారంటే అది వాళ్ళ ఖర్మ" అన్నారు మా అత్తగారు. కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, నువ్వు వెళ్ళమన్నావుగా. రేపు పొద్దున్నే దానిచేత ఆ ఉద్యోగంవాళ్ళకి ఫోన్ చేయించు."