లెక్క తేలాకే నిమ్మరసం

సకల జనుల సమ్మెతో బళ్లు మూతపడ్డాయి. కూతురు సంతోషి పదో తరగతి ఏమైపోతుందోనని కౌసల్యమ్మకు కంటి మీద కునుకు లేదు. లెక్కల సారు మహిపాలేమో ఎల్బీనగర్ చౌరస్తాలో ఒకరోజు నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఆమె పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా ఆ టెంటులోకే వెళ్లింది.

"సారూ, తెలంగాణ మాకూ గావాలె. మీరు అన్నం తిననని కూసున్నరు గని, పాఠం చెప్పనని కూసోలే గదా!"

టెంటంతా గొల్లున నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. పాత ఫ్లెక్సీ ఒకటి తిరగేసి కట్టించి, మార్కర్ అందుకున్నాడు. మధ్యాహ్నానికి దిల్‌సుఖ్‌నగర్ దాకా కబురు పాకి, టెంటు పదో తరగతి పిల్లలతో నిండిపోయింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పిల్లలూ వచ్చారు. మీది ఏ ఊరని వాళ్లనెవరూ అడగలేదు.

సాయంత్రం దీక్ష విరమింపజేయడానికి నాయకుడొకాయన నిమ్మరసం గ్లాసుతో వచ్చాడు. ఆయన వెనకే ఫొటోగ్రాఫర్లు. అప్పుడు సంతోషి ఫ్లెక్సీ ముందు నిలబడి లెక్క చేస్తోంది. పొద్దుటి నుంచి మెతుకు ముట్టని సారు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు.

"జర ఆగుండ్రి అన్నా. పిల్ల లెక్క అయిపోలే."

నాయకుడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కౌసల్యమ్మ కొంగు సర్దుకుని, పక్కనున్నామెతో టెంటంతా వినపడేలా అంది:

"గా పిల్ల మా పిల్లనే."